ఆకు ఎండలో, వేరు నీడలో: విశాఖ మేడ మీద మందు మొక్కల నీటి సేద్యం

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మధురవాడలో సొంత ఇల్లు, పైన ఇరవై బై ముప్పై అడుగుల డాబా. పైపుల్లో సన్నగా నీళ్ళు పారే హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలో పెంచే) సెట్టు కొని, ఏప్రిల్‌లో తులసి, సరస్వతి ఆకు నాటారు. మూడు వారాలు కళకళలాడాయి. తర్వాత తులసి పగలు వాడిపోయి సాయంత్రానికి తేరుకోవడం మొదలుపెట్టింది, చివరికి తేరుకోవడం మానేసింది. సెట్టు అమ్మినవాళ్ళు ‘మందు చాలలేదు, ఇ.సి. పెంచండి’ అన్నారు (ఇ.సి. అంటే నీటిలో పోషక లవణాలు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే కొలత). పెంచాక ఇంకా తొందరగా పోయాయి. ఇప్పుడు అశ్వగంధ, కలబంద కూడా వేసి ఆయుర్వేదం షాపులకి అమ్మొచ్చా, లేక ఇక్కడితో ఆపేయాలా అని అడిగారు.

ఆపొద్దు. కానీ సెట్టు మార్చాలి, మొక్కలు మార్చాలి, అమ్మకం లెక్క కూడా మార్చాలి. నేను పెందుర్తి దగ్గర మా డాబా మీదా, ఇంటి వెనక కాస్త ఖాళీ జాగాలోనూ 2013 నుంచి ఈ పని చేస్తున్నాను. మీ తులసి పోయినట్టే మొదటి రెండు వేసవుల్లో నావీ పోయాయి, కారణమూ అదే.

పోయిన మొక్కల్ని ఇంకా పారెయ్యకపోతే ఒకటి చేతిలోకి తీసుకోండి. ఒక సన్న వేరుని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా కిందికి లాగండి. పైన ఉన్న గోధుమరంగు తొడుగు జారి చేతికొచ్చి, లోపల తెల్లటి దారం లాంటి నరం ఒక్కటే మిగిలితే అది పిథియం అనే వేరుకుళ్ళు. చేతి వేళ్ళకి జిగురు అంటుతుంది, మురుగు వాసన వస్తుంది. పోషకాలు చాలక పోయిన మొక్క వేరు ఇలా ఉండదు, తెల్లగానే ఉండి తిండి కోసం ఇంకా పొడుగ్గా సాగుతుంది. నీళ్ళలో నిలబడి కూడా మొక్క వాడిపోతోందంటే తాగే వేరు పని చేయడం లేదని అర్థం. అప్పుడు ఇ.సి. పెంచితే మిగిలిన కాస్త వేరు కూడా నీళ్ళు లాగలేదు. అసలు ఎండాకాలంలో మొక్క పోషక లవణాల కన్నా నీళ్ళే ఎక్కువ తాగుతుంది, ట్యాంకులో ఇ.సి. దానంతటదే పైకి పోతుంది. అందుకే వేసవిలో ద్రావణం పల్చన చేయాలి. మీకు చెప్పినది పూర్తిగా తలకిందుల సలహా, అందులో మీ తప్పేమీ లేదు.

అసలు శత్రువు నీటి వేడి. 20 డిగ్రీల నీటిలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ వేడి పెరిగిన కొద్దీ వేరు ఊపిరి కూడా పెరుగుతుంది. సరఫరా తగ్గిన వేళకే అవసరం హెచ్చుతుందన్నమాట. వేరుకుళ్ళు తెగులుకి సరిగ్గా ఆ గోరువెచ్చని నీరే కావాలి. మీ పైపు సెట్టులో నీరు సన్నటి పొరలా పారుతుంది. ఆ పద్ధతిని 1960ల్లో ఇంగ్లండ్‌లో అలెన్ కూపర్ తీర్చిదిద్దాడు. అక్కడి చలికి, అక్కడి గాజు ఇళ్ళకి అది చక్కగా సరిపోతుంది. మన మే నెల డాబా మీద ఆ పైపు మధ్యాహ్నానికి నీళ్ళు కాచే గీజరు అవుతుంది. కరెంటు పోతే ఆ పల్చటి పొర కూడా ఆగిపోతుంది, గంటా రెండు గంటల్లో వేళ్ళు ఎండిపోతాయి.

ఇంకో సంగతి విశాఖలో ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది. హైదరాబాద్ స్నేహితులు ట్యాంకుకి తడి గోనెసంచి చుట్టమంటారు. అక్కడ గాలి పొడి, 40 డిగ్రీల ఎండలో కూడా తడి గోనె డ్రమ్ముని చల్లగా ఉంచుతుంది. మన దగ్గర ఎండ 34, 35 దగ్గరే ఆగినా ఉక్కపోత. ఒంటి మీద చెమటే ఆరదు, గోనె తడి ఎక్కడ ఆరుతుంది? తడి ఆవిరైతేనే చల్లదనం. కాబట్టి మనకి ఆ ఉపాయం పెద్దగా అక్కరకి రాదు. మనం చేయగలిగింది వేడి నీటిలోకి చేరకుండా అడ్డుకోవడమే.

అందుకని పైపులు తీసి పక్కన పెట్టండి. నలభై, యాభై లీటర్లు పట్టే లోతు టబ్బులు తీసుకోండి. నీరు ఎంత ఎక్కువుంటే అంత నిదానంగా వేడెక్కుతుంది. టబ్బు బయటి వైపు తెల్ల రంగు వేయండి, ఆ తెల్ల పూత కింద ముదురు రంగు ఉండాలి, వెలుతురు లోపలికి దిగితే పాచి పడుతుంది. మూతగా రెండంగుళాల థర్మకోల్ పలక, అందులో రంధ్రాలు, వాటిలో చిల్లుల కుండీలు. టబ్బుని స్లాబు మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల ఎత్తు మీద పెట్టండి, సాయంత్రం దాకా కాలే స్లాబు అడుగు నుంచి వేడి ఎక్కిస్తుంది. పడమటి వైపు ఒక గోనె తెరో, పాత చాపో కట్టండి. టబ్బు మీదే నీడ పడాలి, మొక్క మీద కాదు. షేడ్ నెట్ కూడా ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వర్షాల దాకా, పదకొండు నుంచి మూడు వరకు చాలు. ఏడాది పొడుగునా కప్పి ఉంచితే తులసి ఆకు పెద్దదవుతుంది గానీ వాసన చచ్చిపోతుంది.

టబ్బు సేద్యంలో పంపు లేకుండా కూడా ఒక దారి ఉంది, హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రాట్కీ పేరు మీద పిలుస్తారు. కుండీ అడుగు తగిలేలా ద్రావణం నింపి వదిలేస్తాం. మొక్క తాగిన కొద్దీ మట్టం దిగుతుంది, పైన బయటపడ్డ వేళ్ళు గాలి పీల్చుకుంటాయి, కింద వేళ్ళు నీళ్ళు తాగుతాయి. మళ్ళీ నింపేటప్పుడు మొదటి మట్టం దాకా నింపకూడదు, గాలికి అలవాటు పడ్డ వేళ్ళు మునిగితే చస్తాయి. సగానికి మించకుండా పోయాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఈ పద్ధతి విలువ నాకు 2014 అక్టోబరు 12న తెలిసింది. హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటిన రోజు. డాబా మీద నా పైపుల స్టాండు, పాలిథిన్ కప్పు ఏమయ్యాయో ఆనవాలు దొరకలేదు. కరెంటు రోజుల తరబడి లేదు, తాగే నీళ్ళకే కటకట. కానీ మేడ మెట్ల కింద సందులో పెట్టిన నాలుగు టబ్బుల్లో బ్రహ్మి అలాగే ఉంది, చుట్టూ ఆకులు, రేకు ముక్కలు పడి ఉన్నా కొత్త చిగుళ్ళు వేస్తూ. పంపు అడగదు, కరెంటు అడగదు. అప్పటి నుంచి నేను కరెంటు మీద బతికే సెట్టుకి ప్రాణమున్నదేదీ అప్పగించలేదు. చిన్న ఎయిర్ పంపు పెట్టుకోండి, మంచిదే, ఇంట్లో ఇన్వర్టరుకి కలపండి. అది లేకపోయినా రెండు రోజులు బతికే ఏర్పాటు ఉండాలి.

ఇక మొక్కలు. మందు మొక్కలన్నీ ఒక జాతి అనుకోవడం మొదటి పొరపాటు. ఏ మొక్క పుట్టుక ఎక్కడో చూడండి. గుంట గట్టున, వరి మడి గట్టున, చెరువు అంచున పుట్టిన మొక్క వేరుకి తడి అలవాటే. బ్రహ్మి, సరస్వతి ఆకు, గుంటగలగర, పుదీనా, పొన్నగంటి ఈ కోవలోవి. మీరు మొదలుపెట్టాల్సింది వీటితోనే. వస కూడా నీటి మొక్కే, కానీ దాని విలువ దుంపలో ఉంది, అది తయారవడానికి ఏడాది దాకా పడుతుంది. పెద్ద టబ్బు ఖాళీగా ఉన్నప్పుడు చూసుకోవచ్చు.

అశ్వగంధ వద్దు. అనంతపురం, కర్నూలు వైపు వానాధారపు నేలల్లో దాహంతో పెరిగే మొక్క అది. బేరగాడు వేరు లావు చూస్తాడు, విరిచి చూస్తాడు, లోపల పిండిలా తెల్లగా ఉండాలంటాడు. నీళ్ళలో పెంచితే పీచు లాంటి సన్న వేళ్ళు గుబురుగా వస్తాయి, మార్కెట్లో వాటిని ఎవరూ అశ్వగంధ అనరు. కలబందకి రెండు తడుల మధ్య వేరు ఆరాలి, దానికి ఇసుక కలిపిన కుండీ చాలు, ఇంత ఖర్చు ఎందుకు? నేలవేము, సర్పగంధ కూడా మట్టికే వదిలేయండి.

తులసి మధ్యలో ఉంటుంది. నీటిలో నిలబెట్టకండి. కొబ్బరి పొట్టు, ముతక ఇసుక కలిపిన గ్రో బ్యాగులో పెట్టి, రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెం ద్రావణం పోసి, అడుగు నుంచి కారిపోనివ్వండి. అదీ నీటి సేద్యమే, మట్టి లేదు కదా. అయితే కొబ్బరి పొట్టు కొనగానే వాడొద్దు. తీరం పక్కన ఉప్పు నీటిలో నానిన కొబ్బరి పీచు నుంచి వచ్చిన పొట్టులో సోడియం ఉంటుంది. మంచి నీటితో రెండు మూడు సార్లు కడిగి, లీటరుకి రెండు మూడు గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం పిండి, మళ్ళీ ఒకసారి కడగండి. కాల్షియం వచ్చి కూర్చుని సోడియాన్ని బయటికి తోస్తుంది. ఈ పని చేయకపోతే పొట్టే కాల్షియాన్ని మింగేసి, చిగుళ్ళ అంచులు మాడతాయి.

మీరు ‘సరస్వతి ఆకు’ అని రాసి, పక్కనే ‘అంటే బ్రహ్మి’ అన్నారు. ఇక్కడ ఆగాలి, ఎందుకంటే అమ్మకానికి వెళ్ళేటప్పుడు ఈ తేడా ముఖ్యం. సరస్వతి ఆకు అంటే మండూకపర్ణి: పొడుగు కాడ మీద మూత్రపిండం ఆకారంలో గుండ్రటి ఆకు, నేల మీద తీగలా పాకుతూ ముడి ముడికీ వేరు వేస్తుంది. బ్రహ్మి వేరే మొక్క, దాన్ని మన పెద్దవాళ్ళు నీటి సాంబ్రాణి అంటారు. చిన్న చిన్న ఆకులు, మందంగా, కాడ రసంతో నిండి ఉంటుంది, తెల్లగానో లేత ఊదాగానో అయిదు రేకుల చిన్న పువ్వు. రెంటిలో ఉండే పదార్థాలు కూడా వేరు, సరస్వతి ఆకులో ఏషియాటికోసైడ్, బ్రహ్మిలో బాకోసైడ్లు. ఉత్తర భారతంలో కొన్ని చోట్ల రెంటినీ బ్రహ్మి అనే అంటారు, నర్సరీల్లోనూ కలిపేస్తారు. గుంటగలగర విషయంలోనూ ఇదే గొడవ. తెల్ల పువ్వున్నదే అసలుది, పార్కుల్లో పెంచే పసుపు పూల తీగ కాదు. ఆకు నలిపి అరచేతిలో పెట్టుకోండి, అసలుదైతే పసరు కాసేపటికి నల్లబడుతుంది.

బ్రహ్మికి విత్తనం అక్కర్లేదు. నాలుగంగుళాల కొమ్మ, మూడు నాలుగు కణుపులుండేలా తుంచి, కింది రెండు కణుపుల ఆకులు తీసేసి కుండీలో గుచ్చండి. వారంలో కణుపు దగ్గర తెల్లటి పళ్ళలాంటి వేళ్ళు కనిపిస్తాయి. రెండున్నర నెలలకి మొదటి కోత. మొదలుకంటా కోయకండి, రెండంగుళాలు వదిలేస్తే మళ్ళీ లేస్తుంది.

ఈ మొక్క గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్రహ్మి నీటిలో ఉన్న కాడ్మియం, సీసం లాంటి బరువు లోహాల్ని పీల్చుకుని ఒంట్లో దాచుకుంటుంది. కాలువ పక్కన, ఫ్యాక్టరీ వెనక గుంటలో కోసిన బ్రహ్మి ఎంత పచ్చగా ఉన్నా నేను ముట్టుకోను. మన ఊరు పరిశ్రమల ఊరు. రేవు వైపు మేడల మీద ఉదయం తుడిస్తే చీపురుకి నల్ల దుమ్ము అంటుతుంది. మందు మొక్కని శుభ్రమైన నీటిలో, ఏం వేశామో లెక్క తెలిసిన ద్రావణంలో పెంచగలగడమే నా దృష్టిలో ఈ సేద్యానికి అసలు అర్థం. మట్టి కన్నా ఎక్కువ పండుతుందా అన్నది తర్వాతి సంగతి. ఆ శుభ్రతని మనమే పాడు చేయకూడదు. ఇనుప రేకు మీద నుంచి వచ్చిన వాన నీరు, జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప) పైపులు, ఇత్తడి కుళాయిలు ద్రావణం దారిలో ఉండొద్దు, వాటి నుంచి జింకు, రాగి దిగుతాయి. తిండి పదార్థాలకి వాడే రకం ప్లాస్టిక్ టబ్బులే కొనండి, రసాయనాలు వచ్చిన పాత డ్రమ్ములు ఎంత కడిగినా వద్దు.

ద్రావణం నేనే కలుపుకుంటాను. వంద లీటర్లకి కాల్షియం నైట్రేట్ 50 గ్రాములు, 13-0-45 అని అమ్మే పొటాషియం నైట్రేట్ 25, 0-52-34 అని అమ్మే మోనో పొటాషియం ఫాస్ఫేట్ 13, ఎప్సమ్ సాల్ట్ 25, ఐరన్ ఇ.డి.టి.ఎ. (నీటిలో కరిగి ఉండే రకం ఇనుము) ఒకటిన్నర గ్రాము, సూక్ష్మపోషకాల మిశ్రమం ప్యాకెట్ మీద రాసినంత. ఇది మీ నీటి ఇ.సి. మీద ఇంకో 1.2 దాకా కలుపుతుంది. నత్రజని 110 పీపీఎం (అంటే లీటరుకి 110 మిల్లీగ్రాములు) వస్తుంది. ఆకుకూరలకి 150 నుంచి 200 దాకా ఇస్తారు, మనం కావాలనే తగ్గిస్తున్నాం. కాల్షియం నైట్రేట్‌ని మిగతావాటితో కలిపి చిక్కగా కరిగించకండి. ఒకసారి గ్లాసులో వేసి చూడండి, పెరుగు విరిగినట్టు తెల్లగా అడుగుకి దిగుతుంది. అలా దిగిందంతా మొక్కకి అందని తిండి. ఒక్కొక్కటి విడిగా బకెట్లో కరిగించి, నిండు టబ్బులో ఒకదాని తర్వాత ఒకటి పోయండి. పీహెచ్ (ద్రావణం ఆమ్ల, క్షార కొలత) అయిదున్నరకీ ఆరున్నరకీ మధ్య ఉండాలి. అది దాటితే ఇ.డి.టి.ఎ. ఇనుము నిలవదు, లేత ఆకు పసుపు తిరిగి నరాలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఎరువుల షాపులో 19-19-19 ఇస్తానంటే వద్దనండి, అందులో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలోనే ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు లేకుండా మొక్కకి అది సరిగా అందదు.

నీరు ఏది? కొళాయి నీరయితే రాత్రంతా బకెట్లో నిలవ ఉంచి వాడండి. బోరు నీరయితే ముందు ఇ.సి. మీటరు ముంచండి. తీరం దగ్గరి బోర్లలో ఉప్పు ఉంటుంది, ఉత్త నీటిలోనే ఇ.సి. 0.8 దాటితే దాన్ని ఒక్కదాన్నే వాడకండి, వాన నీరు పట్టుకుని కలపండి. సముద్రపు గాలి తగిలే డాబా అయితే వారానికి ఒకసారి పొద్దున్నే ఆకుల మీద మంచి నీళ్ళు చల్లి కడగండి. గేటుకి తుప్పు పట్టించే ఉప్పు ఆకుని మాత్రం వదులుతుందా.

దోమల గురించి ఎవరూ చెప్పరు. నిలవ నీటిలో వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది, మన ఊళ్ళో డెంగీ సంగతి తెలిసిందే. టబ్బు మూత చుట్టూ, ప్రతి రంధ్రం చుట్టూ సన్న దోమతెర బిగించండి. శుక్రవారం డ్రై డే అని నిలవ నీళ్ళు చూడడానికి వచ్చేవాళ్ళకి మీరే మూత తీసి చూపించండి. ద్రావణంలో కిరసనాయిలు, లార్వా మందు ఏదీ వేయకూడదు. పురుగులకి కూడా అంతే, పసుపు జిగురు అట్టలు, చేత్తో ఏరడం, మరీ అయితే సబ్బు నీళ్ళు. రేపు ఎవరో మందుగా వాడే ఆకు మీద పురుగుమందు కొట్టే హక్కు మనకి లేదు.

ఆకు గుబురుగా ఉందని మురిసిపోకండి. తులసి వాసన, బ్రహ్మి చేదు ఆ మొక్క తన కోసం, తన రక్షణ కోసం తయారు చేసుకున్నవి. నత్రజని దండిగా, నీడగా, హాయిగా పెంచితే ఒళ్ళు పెంచుకుంటుంది, ఆ పదార్థాలు పల్చబడతాయి. అందుకే పోషకం తగ్గించడం, ఎండ తగలనివ్వడం. కోతకి అయిదారు రోజుల ముందు ద్రావణం తీసేసి మంచి నీళ్ళు పెడితే ఆకులో నిలవున్న నైట్రేట్ తగ్గుతుంది. తులసిని పూత మొదలయ్యే వేళ, మంచు ఆరాక కోయండి. మా అమ్మ శుక్రవారం, ద్వాదశి రోజు తులసి కోయనివ్వదు, మా ఇంట్లో పనిచేసే ఆమె కూడా ముట్టుకోదు. కోటలోని తులసి, కోతకి వేసిన తులసి వేరని నేను వాదించలేదు, కోత రోజులే మార్చుకున్నాను.

ఎండబెట్టడం మన దగ్గర పంట కన్నా కష్టం. ఆగస్టు, సెప్టెంబరుల్లో నీడలో ఆరబెడితే మూడో రోజుకి బూజు. 40 డిగ్రీలు దాటని చిన్న డ్రయ్యరు ఉండాలి, ఆకు వంచితే మెత్తగా మడవకుండా టక్కున విరగాలి. పది కిలోల పచ్చి బ్రహ్మి ఎండితే కిలో, కాస్త అటూ ఇటూ.

ఆ తూకమే మీ అమ్మకం ప్రశ్నకి జవాబు. ఎండు సరుకు కొనేవాళ్ళు టన్నుల్లో కొంటారు, పొలంలోనో అడవిలోనో దొరికిన ధరకి కొంటారు. పాడేరు, చింతపల్లి అడవుల నుంచి వచ్చే సరుకుతో ఆరు వందల చదరపు అడుగుల డాబా పోటీ పడలేదు. మీ దగ్గర ఉన్నది వేరే సరుకు: పేరు తప్పని, శుభ్రమైన నారు, వేళ్ళున్న కొమ్మలు, ఆ రోజు కోసిన పచ్చి ఆకు. పచ్చి ఆకు స్వరసం (పిండిన రసం) తీసే, నూనెలు సొంతంగా కాచే వైద్యులకి అదే కావాలి. ముందు అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురిని కలిసి, వారానికి ఎన్ని కిలోలు తీసుకుంటారో అడిగాకే టబ్బులు పెంచండి. ఆకుని ఆకుగా అమ్మండి. పొడి చేసి డబ్బాలో పోసి ‘జ్ఞాపకశక్తి పెరుగుతుంది’ అని అంటించిన క్షణం నుంచి అది మందు, 1940 నాటి ఔషధాల చట్టం కింద ఆయుష్ లైసెన్సు కావాలి. ఇంట్లో పిల్లలకి రోజూ ఇవ్వాలన్నా వైద్యుణ్ణి అడిగి ఇవ్వండి, ముఖ్యంగా ఇప్పటికే వేరే మందులు వాడుతుంటే.

ఇప్పుడైతే కొత్త మొక్కలు ఏమీ కొనకండి. పాత పైపులు, ట్యాంకు బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, మళ్ళీ మంచి నీళ్ళతో బాగా కడిగి, ఎండలో పడేయండి, కుళ్ళు అక్కడే దాక్కుని ఉంటుంది. ఒక టబ్బు తెచ్చి, నేను చెప్పినట్టు ఇటుకల మీద పెట్టి, ఉత్త నీళ్ళు నింపి మూత వేయండి. మూడు రోజులు ఉదయం ఆరుకి, మధ్యాహ్నం మూడుకి థర్మామీటరు ముంచి రాసుకోండి. మధ్యాహ్నం అంకె 28 లోపు ఉంటే రెండో వారంలో బ్రహ్మి కొమ్మలు గుచ్చొచ్చు. 30 దాటితే టబ్బు తూర్పు గోడ పక్కకో, మెట్ల కిందికో మార్చి మళ్ళీ చూడండి. ఆ ఆరు అంకెలూ, మీ నీటి ఇ.సి. ఎంతో రాయండి, ఎన్ని టబ్బులు ఎక్కడ పెట్టాలో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.